కంఠమొకరిది, పేరొకరిది

గడచిన వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా యింట నలుగురము కూర్చుండి ఇటలీ దేశపు పాత చిత్రమొకటి చూచితిమి. అది వెర్డీ మహాశయుడు కూర్చిన 'ఐడా' యను ఆపెరాకు 1953వ సంవత్సరమున తీసిన తెరరూపము. గానమే ప్రాణముగా నడచు సంగీతనాటకమునకు పాశ్చాత్యులు ఆపెరా యని పేరు పెట్టిరి. మన పద్యనాటకమునకు అది దూరపు చుట్టము. కాని మన నాటకమున పద్యమునకును పద్యమునకును నడుమ వచనముండును, పెక్కు ఆపెరాలలో ఆ సంభాషణము సయితము పాటయే. చిత్రము ముగిసినంతనే మా మేనత్తగారు కన్నులొత్తుకొని, "ఎంత హాయిగా పాడిందిరా ఆ పిల్ల! ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడుపొచ్చింది" అనిరి. ఆమె కొనియాడిన పిల్ల సోఫియా లారెన్. బడిపంతుళ్లకు అలవాటైన దుర్గుణముచే మేము ఊరకుండలేక, "అత్తయ్యా, ఆ పిల్ల పాడలేదు. పెదవులు మాత్రమే కదిపింది. పాడినావిడ రెనాటా టెబాల్డి అని వేరే గాయని" అంటిమి. అత్తయ్యగారి మొగము చిన్నవోయెను. ప్రక్కనున్న ప్లీడరు మిత్రులు మమ్ము ఆక్షేపించి, "మాస్టరుగారూ, సంతోషంగా ఉన్నావిడకు ఆ సంగతి చెప్పి రసభంగం చెయ్యడం దేనికండీ? పండు తినేవాడికి తోటమాలి పేరెందుకు?" అనిరి.

ఆనాడు మేము బదులు చెప్పలేదు. ఇంటికి వచ్చిన అతిథితో వాదమాడుట మర్యాద కాదు గదా! కాని ఆ ప్రశ్న ప్లీడరుగారి యొక్కరిదే కాదు. లోకమంతయు నదే యడుగుచున్నది. కావున దానికి బదులు ఈ పత్రికాముఖమున చెప్పుచున్నాము. తోటమాలి పేరు కావలయును. పండు తిన్నవానికే అది మొదట కావలయును.

ముందుగా తెరవెనుక జరుగునదేమో తెలిసికొందము. ఆపెరాను వెండితెర కెక్కింపదలచినవారు సాధారణముగా పాటలన్నిటిని మొదట స్టూడియోలో రికార్డు చేయుదురు. అచ్చట వాద్యబృందముండును, దానిని నడపు నాయకుడుండును, గాయకులుందురు, వేషములుండవు, రంగాలంకారములుండవు. పిమ్మట కొన్ని వారములకో నెలలకో నటులు వేషములు ధరించి కెమెరా యెదుట నిలుతురు. లౌడుస్పీకరులో ఆ రికార్డు మ్రోగుచుండగా దానికి సరిపడునట్లు పెదవులు కదపుదురు. ఒకే చరణమును దూరమునుండి యొకసారి, చేరువనుండి యొకసారి, ప్రక్కనుండి యొకసారి పట్టవలయును. దీపము చెడినచో మఱియొకసారి. అడుగు తప్పినచో ఇంకొకసారి. మనుష్యకంఠము ఇరువదిమార్లు తారస్థాయి నందుకొని అలయకుండునా? అన్నిమార్లును పాట ఒకే నడకలో సాగునా? నడక మాఱినచో ముక్కకు ముక్క అతుకదు. పదులకొలది వాద్యకారులను ఎండలోను వానలోను దినమంతయు నిలుపుట యెవరి తరము? కనుక పాట ముందు, ఆట వెనుక. ఇది యవసరముచే పుట్టిన పద్ధతి. మోసముచే పుట్టినది కాదు.

పాడినవారే నటించినను ఈ కష్టము తప్పదు. ఆపెరా గాయకుడు నిండుకంఠముతో పాడునపుడు నోరు విశాలముగా తెఱచుకొనును, మెడనరములు పొంగును, ఱొమ్ము లేచి పడుచుండును. నాటకశాలలో కడపటి వరుసవానికి ఇవి కనబడవు. కెమెరా చెంతకు వచ్చినచో పలువరుస సయితము లెక్కపెట్టవచ్చును. నెలల క్రిందట తాను పాడిన పాటకు తానే పెదవి కదపువాడు, ఊపిరి తీయవలసినచోట తీయుట మఱచెనా, ప్రేక్షకుడు వెంటనే పసిగట్టును. తన కంఠమును తానే అనుకరింపవలసివచ్చుట వింతయైన శిక్ష కాదా?

ఈ విద్య నడచివచ్చిన త్రోవయు వింతగానే యున్నది. 1915లో సెసిల్ డిమిల్ అను అమెరికా దర్శకుడు 'కార్మెన్' కథను మూగచిత్రముగా తీసెను. అందు నాయిక జెరాల్డిన్ ఫారర్. న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరాలో ప్రఖ్యాతిగన్న గాయని. ఆ చిత్రమున ఆమె యున్నది, ఆమె కంఠము లేదు. 1953 నాటి 'ఐడా'లో టెబాల్డి కంఠమున్నది, టెబాల్డి లేదు. యంత్రము మొదట దేహమును తీసికొని కంఠమును విడిచినది. ముప్పదియెనిమిదేండ్లకు కంఠమును తీసికొని దేహమును విడువ నేర్చినది. మన తెలుగున 1932లో వెలువడిన 'భక్తప్రహ్లాద'లో సురభి నాటకసమాజపు నటులు వేషములు ధరించి, తామే కెమెరా యెదుట పాడిరి. పిదప మనకును నేపథ్యగానము వచ్చినది. నేపథ్యమను సంస్కృతశబ్దమునకు వేషమనియు, వేషము వేసికొనుచోటనియు రెండర్థములు. వేషము కనబడును, వేషము వేసికొనుచోటు కనబడదు. మాటలోనే చిక్కంతయు నున్నది.

కంఠమును దేహమును విడదీయక ఆపెరాను తెరకెక్కింపరాదా యని కొందఱు శుద్ధవాదులు అడుగుదురు. ఎక్కింపవచ్చును. 1992 జులై 11, 12 తేదీలలో రోము నగరమున చేసి చూపిరి. పుచ్చీనీ కూర్చిన 'టోస్కా'లో మొదటి యంకము సాంత్ ఆండ్రియా దేవాలయమునను, రెండవది ఫర్నేసే సౌధమునను, మూడవది సాంత్ ఆంజెలో కోటపైనను జరుగును. ఆ నిజస్థలములలోనే, ఆ కథకు తగిన వేళలకే, అనగా పట్టపగలు, రాత్రి, తెల్లవాఱుజామున, కాథరీన్ మాల్ఫిటానో, ప్లాసిడో డొమింగో, రుజేరో రైమొండి మొదలగువారు నిజముగా పాడుచుండగా, పాడుచున్నది పాడుచున్నట్లే టెలివిజనువారు దేశదేశములకు ప్రసారము చేసిరి. మఱి వాద్యబృందమో? అది నగరములో వేఱొకచోట కూర్చుండెను! దానిని నడపినవారు బొంబాయిలో పుట్టిన మన జుబిన్ మెహతాగారు. గాయకులు ఆయన చేతిసైగను టెలివిజను తెరపై చూచుచు, చాటున అమర్చిన సాధనములద్వారా వాద్యములను వినుచు పాడిరి. అంతటి ప్రత్యక్షగానమునకు సయితము తెరవెనుక తంతు తప్పలేదు. కల్పన లేని కళ యెచ్చటను లేదు.

కావున మేము కల్పనను నిందింపము. సాంఖ్యులు చెప్పు అంధపంగున్యాయము సంస్కృతము చదువుకొన్నవారందఱు నెఱిగినదే. నడవగలవాడు చూడలేడు, చూడగలవాడు నడవలేడు. కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కి త్రోవ చూపును. ఇరువురును ఊరు చేరుదురు. అట్లే నటనము తెలిసినవారొకరును, గానము తెలిసినవారొకరును కూడి ఒక పాత్రను ప్రేక్షకుని హృదయమునకు చేర్చిరేని అందు తప్పేమి? తప్పు వేఱొకచోట నున్నది. ఊరు చేరినపిమ్మట కుంటివానిని గోనెసంచిలో దాచి, గ్రుడ్డివాని మెడలో మాత్రమే పూలదండ వేయుట తప్పు. మా వాదమంతయు ఆ గోనెసంచిని గూర్చియే.

ఇది మా యూహ కాదు. అమెరికాలో మార్నీ నిక్సన్ అను గాయని యుండెడిది. ఆపెరాకు చెల్లెలివంటి సంగీతనాటకములను చిత్రములుగా తీయునపుడు, 1956లో 'ది కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కును, 1961లో 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటాలీ వుడ్‌కును, 1964లో 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కును తన కంఠము నెరవిచ్చినది ఆమెయే. ఆ చిత్రములు వెలువడినపుడు ఒక్కదానియందును తెరపై ఆమె పేరు లేదు. మొదటి చిత్రమునాడు, ఈ సంగతి బయటపెట్టితివా ఈ యూరిలో నీకు మఱల పని దొరకదని తన్ను బెదరించిరని ఆమెయే తరువాత చెప్పుకొన్నది. నోటితో బ్రదుకుటకై నోరు మూసికొనవలసివచ్చుట!

అది అమెరికా గదా, మన దేశము ధర్మభూమి గదా యని యెవరును సంతోషింప నక్కఱలేదు. 1949 నాటి 'మహల్' అను హిందీ చిత్రమున లతా మంగేష్కర్ పాడిన సుప్రసిద్ధమైన పాటకు, గ్రామఫోను రికార్డుపై మొదట వేసిన పేరు కామిని. కామిని యనగా ఆ కథలోని పాత్ర. లేని మనిషికి పేరున్నది. ఉన్న మనిషికి పేరు లేదు! పాడినదెవరో చెప్పుడని శ్రోతలు రేడియోవారిని పదేపదే అడిగిన పిమ్మటగాని ఆ నామధేయము వెలికి రాలేదు. ఈ కడపటి మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. దాచినవారు వర్తకులు, వెలికి తెచ్చినవారు ఇండ్లలో కూర్చుండి విన్న మనవంటివారు.

ఇక ఎదుటివారి వాదములు. అవి మూడు.

మొదటిది ప్లీడరుగారి రసభంగవాదము. పాడినది వేఱొకరని తెలిసినచో రసము చెడునట. అట్లయినచో కేరళమున కథకళి యెన్నడో నశించియుండవలెను. అచ్చట వేషధారి పాడడు. పాడువారు గంటయు తాళములును చేతబట్టుకొని అతని వెనుకనే అందఱికి కనబడునట్లు నిలుచుందురు. చూచువాడు కన్నుతో నొకరిని, చెవితో నొకరిని గ్రహించి, మనస్సులో ఇరువురిని ఒక్కటి చేసికొనును. మనస్సునకు ఆపాటి శక్తి లేదనుకొనుట ప్రేక్షకుని అవమానించుటయే. భరతముని వాద్యబృందమునకు రంగస్థలముపైననే చోటు చూపి దానికి కుతపమని పేరు పెట్టెను; చాటున దాచలేదు. కాళిదాస భవభూతుల నాటకములలో సూత్రధారుడు కథ మొదలుకాకమునుపే కవి పేరు సభవారికి విన్నవించును. పేరు విన్నందున శకుంతలను చూచి కంటతడి పెట్టనివాడెవడు? మన పద్యనాటకములలోనో, చచ్చిపడిన రాజు 'వన్స్‌మోర్' కేకకు లేచి పద్యము మఱల పాడి మఱల చచ్చెడివాడు. అప్పుడు చెడని రసము గాయని పేరు చెప్పినంతనే చెడునా?

పాశ్చాత్యులలోను ఈ సంగతి నెఱిగినవారు కలరు. స్వీడను దేశపు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1975లో మొజార్టు కూర్చిన 'మాయావేణువు'ను తన దేశపు టెలివిజనుకొఱకు చిత్రముగా తీసెను. పదునెనిమిదవ శతాబ్దమునాటి డ్రాట్నింగ్‌హోమ్ రాజనాటకశాలలోనే తీయవలెనని ఆయన కోరిక. ఆ పాతకట్టడము చిత్రీకరణ సామగ్రిని భరింపజాలదని తేలగా, దాని రంగస్థలమును స్టూడియోలో మఱల కట్టించెను. అంత శ్రమపడి భ్రమను కల్పించినవాడు, విరామసమయమున కెమెరాను తెరవెనుకకు త్రిప్పెను! కథలో అందఱిని గడగడలాడించు నిశారాణి, పొగ త్రాగరాదను పలక క్రిందనే కూర్చుండి సిగరెట్టు కాల్చుచుండును. గంభీరుడైన సరాస్ట్రో వేషధారి వాగ్నరు రచించిన 'పార్సిఫాల్' స్వరపుస్తకమును తిరుగవేయుచుండును. తెర మఱల లేచిన పిమ్మట నిశారాణి మునుపటివలెనే భయపెట్టును. ఆ 'పార్సిఫాల్'నే జర్మను దర్శకుడు సీబర్‌బెర్గ్ 1982లో చిత్రముగా తీసి, నాయకపాత్రకు ఒక యువకుని, ఒక యువతిని, ఇరువురిని నియమించి, ఇరువురికిని రైనర్ గోల్డ్‌బర్గ్ అను ఒకే గాయకుని కంఠము నిచ్చెను. యువతి పెదవులనుండి పురుషకంఠము వెలువడుచుండగా ఇక దాచుటకేమున్నది? అతుకును దాచక చూపుటయే అచ్చట కళ యయ్యెను.

గాయని పేరు చెప్పినచో నటి కీర్తికి లోటు వచ్చునని భయపడువారును కలరు. 1954లో 'కార్మెన్ జోన్స్' అను చిత్రమునందు డోరతీ డాండ్రిడ్జ్ నాయిక. ఆమె స్వయముగా గాయనియే. కాని ఆపెరా బాణీకి తగిన కంఠము కావలెనని మారిలిన్ హార్న్ అను ఇరువదియేండ్ల యువతిచే పాడించిరి. గాయని పేరు దాచలేదు. డాండ్రిడ్జ్ కీర్తి తగ్గినదా? ఆ పాత్రకే ఆమె ఉత్తమనటి ఆస్కారు బహుమానమునకు పరిశీలింపబడిన మొదటి నల్లజాతి వనిత యయ్యెను. హార్న్ తరువాత ఆపెరాలోకమున మహాగాయని యయ్యెను. దీపమునుండి దీపము వెలిగించినచో మొదటి దీపము ఆఱదు.

రెండవ వాదము: కూలి ముట్టినది గదా, ఇక పేరెందుకు? కూలి శ్రమకు, పేరు సృష్టికి. వేదమంత్రమును పఠించుటకు ముందు ఋషి, ఛందస్సు, దేవత యని మూడింటిని స్మరించుట మన సంప్రదాయము. అందు స్తుతింపబడు దేవతకంటె ముందు మంత్రమును దర్శించిన ఋషి పేరు వచ్చును. ఆ ఋషికి మనము కూలి బాకీ యున్నామా? ఋణపడి యున్నాము. ఆ ఋణమును తీర్చుటకు పేరు తలచుటకంటె వేఱు మార్గము లేదు. మఱియు కూలియైనను సరిగా ముట్టినదా? 'వెస్ట్ సైడ్ స్టోరీ' రికార్డులు విపరీతముగా అమ్ముడుపోయినపుడు, సంగీతకర్త లియొనార్డ్ బెర్న్‌స్టీన్ తన రాబడిలో కొంత భాగమును నిక్సన్‌కు తానై యిచ్చెను. ఆయన సజ్జనత్వమునకు నమస్కారము. కాని ఒకరి సజ్జనత్వముపై వేఱొకరి న్యాయము ఆధారపడవలసివచ్చుట వ్యవస్థలోని లోపమునకే సాక్ష్యము. పేరు లేనివారు వాటా యడుగుట యెట్లు? పేరు లేనివాడు వ్యాజ్యమునకు పనికిరాడని ప్లీడరుగారికి మాకంటె బాగుగా తెలియును.

మూడవ వాదము: ఆమె ఒప్పుకొనియే పాడినది గదా! ఒప్పుకొనక యేమి చేయును? పని పోవునను భయముతో ఊపిన తలను సమ్మతి యనుట, ఆకలిగొన్నవాని మౌనమును ఉపవాసవ్రతమనుట వంటిది.

ఇంత చెప్పిన మేము చేతులు కడిగికొన్నవారము కాము. పదియేండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవమునకు పిల్లలచే శకుంతల కథ ఆడించితిమి. ఎనిమిదవ తరగతిలో చక్కని కంఠముగల బాలిక యుండెను. తల్లి కూలిపని చేసికొనునది. పిల్ల నల్లగా, సన్నగా నుండెను. శకుంతల వేషమునకు ఊరిలో పెద్దవారింటి పిల్లను, తెల్లనిదానిని ఎన్నుకొని, పాడు పిల్లను మైకు ముందు తెరచాటున కూర్చుండబెట్టితిమి. కార్యక్రమపత్రమును మా స్వహస్తముతో ముత్యాలవంటి యక్షరములలో వ్రాసితిమి. శకుంతల కెదురుగా ఒక్క పేరే వ్రాసితిమి. సభాధ్యక్షులు పాట కని పతకమును వేషముతో నున్న పిల్లకు తగిలించిరి. మేము వేదిక ప్రక్కనే నిలుచుండియు నోరు మెదపలేదు. సభలో గడబిడ యెందుకని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి. మఱునాడు ఆ బాలిక మా బల్ల దగ్గఱకు వచ్చి, "మాస్టారండీ, నిన్న పాడింది నేనేనని మా అమ్మకి ఒక చీటీ రాసిస్తారా? అమ్మ నమ్మట్లేదండి" అన్నది. తల్లి వెనుక వరుసలో నిలుచుండి ఆ పాట విన్నదట. తన కూతురి కంఠమే విని, తన కూతురిది కాదనుకొని యింటికి వెళ్లినదట. చీటీ వ్రాసి యిచ్చితిమి. కార్యక్రమపత్రములో ఒక్క పంక్తి వ్రాయుటకు పట్టెడి సిరా మాకు ముందుదినమున లేకపోయెనా?

అప్పటినుండి ఈ సంగతి మాకు సినిమా సంగతిగా తోచుట మానినది. వంట రుచిగా నున్నదని అతిథి యింటి యజమానిని మెచ్చుకొనును. వండిన యిల్లాలు తలుపుచాటున నుండును. గ్రంథకర్త పీఠికలో మహాశయుల కందఱికి కృతజ్ఞత చెప్పును. వ్రాతప్రతిని మూడుమార్లు తిరిగి వ్రాసిన భార్య పేరు అందుండదు. నేపథ్యము వెండితెరకు మాత్రమే కాదు. ప్రతి యింటను ఒకటి యున్నది. దానిలో నుండువారు తఱచుగా స్త్రీలు, పేదలు, నల్లనివారు. ఎవరిని తెరముందు నిలుపవలెనో, ఎవరిని తెరవెనుక నుంచవలెనో నిర్ణయించునది కళ యని మనము చెప్పుకొనుచున్నాము. కొన్నియెడల నిర్ణయించునది మన దురభిమానమే.

రేపటి సంగతి ఇంకను చిక్కైనది. 2024లో వెలువడిన 'మరియా' చిత్రమున, దివంగతయైన ఆపెరా గాయని మరియా కాలాస్ పాత్రను ఏంజెలీనా జోలీ ధరించినది. ఆమె నెలల తరబడి గానము నభ్యసించి పాడగా, ఆ కంఠమును కాలాస్ పాత రికార్డులతో కలిపి వినిపించిరి. ఆ సంగతిని వారు బహిరంగముగా చెప్పిరి, అది మెచ్చదగినది. కాని నేడు కృత్రిమ మేధ యనబడు యంత్రవిద్య, మనిషి కంఠమును కొద్దిగా విని, ఆ మనిషి యెన్నడును పాడని పాటను ఆ కంఠముతోనే వినిపించుచున్నది. నిక్సన్‌ను కనీసము బెదరింపవలసివచ్చినది. ఇకమీదట బెదరించుటకు ఎదుట మనిషియు నక్కఱలేదు. నేడు పేర్ల నడుగు నలవాటు మనకు లేనిచో, రేపు అడుగుటకు పేరే మిగులదు.

చదువరులారా, మీరేమి చేయగలరని యడిగినచో, చేయవలసినది చిన్నది. చిత్రము చివర పేర్లు వచ్చు సమయమునకు మనము లేచి చెప్పులు వెదకుకొనుచుందుము; ఇంట చూచునపుడు మీట నొక్కి తరువాతి చిత్రమునకు పోవుదుము. ఆ రెండు నిముసములు కూర్చుండుడు. పాడినదెవరు, పాత్రకు మాట నెరవిచ్చినదెవరు అని పిల్లలచే బిగ్గఱగా చదివింపుడు. పేరు కనబడనిచో అడుగుడు. రేడియోవారి నడిగిన ఆనాటి శ్రోతలవలె విసుగక అడుగుడు. మీ పాఠశాలలో, మీ సభలో కార్యక్రమపత్రమును వ్రాయువారు మీరే యైనచో మావలె సిరాకు పిసినితనము చేయకుడు.

ప్లీడరుగారి కిదియే మా బదులు. మా మేనత్తగారి రసము భంగమయ్యెనో లేదో యను సంశయము వారికి మిగిలియుండవచ్చును. మఱునాడు ఉదయమున అత్తయ్యగారు కాఫీ త్రాగుచు మమ్ము పిలిచి, "నిన్న పాడినావిడ పేరేమన్నావురా? ఆవిడవి ఇంకా పాటలున్నాయా?" అని యడిగిరి.